మత్తుమందు ఎవరిది? నలుగురి తగవు, లోకానికి మేలు



ఆపరేషన్‌కు తేదీ ఇచ్చిన రోజున మా వార్డుల్లో రెండు ప్రశ్నలు తప్పకుండా వినబడతాయి. ఒకటి, "మత్తు ఇచ్చాకే కోస్తారు కదా సిస్టర్?" రెండవది, "ఇచ్చిన మత్తు మళ్ళీ దిగుతుందా?" మొదటిదానికి "అవునమ్మా, మత్తు ఇచ్చాకే" అని ఒక్క మాటలో చెప్పేస్తాము. రెండవదానికి మాత్రం పక్కన కూర్చుని ఓపికగా జవాబు చెబుతాము.

ఈ రెండు ప్రశ్నల వెనుక దాదాపు 180 సంవత్సరాల చరిత్ర ఉంది. అందులో గొప్ప మేలు ఉంది, పెద్ద తగవు కూడా ఉంది. "మత్తుమందు నాదంటే నాది" అని అమెరికా దేశంలో నలుగురి పేర్ల మీద తగవు నడిచింది. ఆ నలుగురిలో ఒకరికొకరు గురుశిష్యులు ఉన్నారు, కలిసి ప్రాక్టీసు పెట్టినవారు ఉన్నారు. ఆ తగవులో కొందరి బ్రతుకులే చితికిపోయాయి. తరువాత మత్తుమందు గురించిన మరొక తగవు మన హైదరాబాదు వరకు వచ్చింది. ఆ సంగతులు ఈ సంచికలో మీతో పంచుకుంటున్నాము. ఆపరేషన్‌కు వచ్చేవారు తెలుసుకోవలసిన విషయాలు చివరలో ఇచ్చాము. వాటిని ఇంట్లో పెద్దలకు కూడా చదివి వినిపించండి.

మత్తు లేని రోజులు

1846కు ముందు ఆపరేషన్ అంటే రోగిని బల్లకు కట్టి, నలుగురు బలమైన మనుషులు అదిమి పట్టుకుంటే, సర్జన్ వీలైనంత త్వరగా కోసి ముగించడమే. కొంచెం సారా, కొంచెం నల్లమందు, పళ్ళ మధ్య కరచుకోవడానికి తోలు ముక్క, ఇంతే ఉపశమనం. లండన్‌లో రాబర్ట్ లిస్టన్ అనే సర్జన్ మూడు నిమిషాలలోపే కాలు తీసివేయగలరని పేరు పొందారు. ఆ రోజుల్లో చేతి వేగమే సర్జన్‌కు గొప్ప. కడుపు లోపల, ఛాతీ లోపల నిదానంగా చేయవలసిన ఆపరేషన్ల జోలికి సర్జన్లు చాలా అరుదుగా వెళ్ళేవారు.

ఫానీ బర్నీ అనే ఇంగ్లీషు రచయిత్రికి 1811 సెప్టెంబరు 30న పారిస్ నగరంలో రొమ్ము తీసివేసే ఆపరేషన్ జరిగింది. మెలకువగా ఉండగానే చేశారు. జరిగినదంతా తన అక్కకు ఉత్తరంలో వ్రాయడానికి ఆమెకు నెలల తరబడి పట్టింది. మళ్ళీ చదువుకునే ధైర్యం కూడా ఆమెకు లేకపోయింది. అయినా ఆ తరువాత ఆమె 1840 వరకు జీవించారు. ఆపరేషన్ ప్రాణం నిలబెట్టగలదని అప్పటికే తెలుసు. ఆ నొప్పికి భయపడి ఎంతమంది ఇంట్లోనే ఉండిపోయి చనిపోయారో లెక్క లేదు.

విచిత్రమేమిటంటే, మందు అప్పటికే మనుషుల చేతిలో ఉంది. ఈథర్ అనే ద్రవం రసాయన శాస్త్రజ్ఞులకు 16వ శతాబ్దం నుండి తెలుసు. నవ్వు పుట్టించే వాయువు అని పిలిచే నైట్రస్ ఆక్సైడ్‌ను 1772లో జోసెఫ్ ప్రీస్ట్లీ తయారు చేశారు. ఆ వాయువు నొప్పిని పోగొడుతుంది కాబట్టి ఆపరేషన్లలో పనికి రావచ్చునని 1800లో హంఫ్రీ డేవీ తన పుస్తకంలో వ్రాశారు కూడా. కాని 40 సంవత్సరాలకు పైగా ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. ఆ వాయువును సంతలలోను, ప్రదర్శనలలోను టికెట్టు పెట్టి పీల్పించి, తూలుతూ నవ్వేవాళ్ళను చూసి జనం సరదా పడేవారు. వైద్యానికి పనికి వచ్చే వస్తువు వినోదంగా మిగిలిపోయింది.

మొదటివాడు: పల్లెటూరి డాక్టరు

అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని జెఫర్సన్ అనే చిన్న ఊరిలో క్రాఫర్డ్ లాంగ్ అనే యువ డాక్టరు ఉండేవారు. ఆ ఊరి కుర్రవాళ్ళు సరదాకు ఈథర్ పీల్చేవారు. ఆ సరదాలో వాళ్ళు కిందపడి దెబ్బలు తగిలించుకున్నా నొప్పి తెలియడం లేదని ఆయన గమనించారు. 1842 మార్చి 30న జేమ్స్ వెనబుల్ అనే యువకుడికి తువాలు మీద ఈథర్ పోసి పీల్పించి, మెడ మీద గడ్డను తీసివేశారు. రోగికి నొప్పి తెలియలేదు. మందుతో కలిపి ఆపరేషన్‌కు ఆయన వ్రాసుకున్న బిల్లు 2 డాలర్లు.

తరువాత కూడా ఆయన కొన్ని ఆపరేషన్లు ఇలాగే చేశారు. కాని లోకానికి చెప్పలేదు. ఇంకా ఎక్కువమంది మీద చూసి, నిర్ధారణ చేసుకుని వ్రాద్దామనుకున్నారు. చివరకు 1849లో వైద్య పత్రికలో ప్రకటించే సమయానికి ఏడు సంవత్సరాలు గడిచిపోయాయి. ఆ ఏడేళ్ళలో ఆయన ఊరికి వెలుపల ఎంతమంది రోగులు నొప్పి అనుభవించి ఉంటారో ఊహించండి. తొందరపడకపోవడం మంచిదే. అయితే రోగికి పనికి వచ్చే సంగతి వ్రాతలోకి రాకపోతే అది ఒక్క ఊరితోనే ఆగిపోతుంది.

రెండవవాడు: నవ్వులపాలైన పళ్ళ డాక్టరు

కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు ఉండేవారు. 1844 డిసెంబరు 10న ఆయన నవ్వు వాయువు ప్రదర్శనకు వెళ్ళారు. వాయువు పీల్చిన ఒక యువకుడు పరుగెత్తి బల్లలకు గుద్దుకుని కాలికి గాయం చేసుకున్నాడు. నొప్పిగా ఉందా అని వెల్స్ అడిగితే, దెబ్బ తగిలిన సంగతే అతనికి తెలియదు. వందలమంది చూసి నవ్విన దానిలో వెల్స్‌కు మందు కనబడింది.

మరునాడే వెల్స్ ఆ వాయువును తానే పీల్చి, తోటి డాక్టరు చేత తన పన్ను తీయించుకున్నారు. ఇతరుల మీద ప్రయోగించే ముందు తన మీదే ప్రయోగించుకున్న మనిషి ఆయన. నొప్పి లేదు. దీన్ని పేటెంట్ చేసుకోకుండా అందరూ గాలిలా స్వేచ్ఛగా వాడుకోవాలన్నది ఆయన అభిప్రాయం.

1845 జనవరిలో బోస్టన్ నగరంలో వైద్య విద్యార్థుల ముందు ఆయన దీన్ని చూపించబోయారు. వాయువు సరిపడినంత వెళ్ళకముందే సంచి తీసివేయడం వలన రోగి అరిచాడు. తనకు పెద్దగా నొప్పి తెలియలేదని ఆ రోగి తరువాత చెప్పినా, అప్పటికే విద్యార్థులు "మోసం, మోసం" అని గేలి చేశారు. వెల్స్ తల వంచుకుని ఊరికి తిరిగి వచ్చారు.

మూడవవాడు, నాల్గవవాడు

ఈ ప్రదర్శన ఏర్పాటుకు బోస్టన్‌లో సహాయపడిన వారిలో విలియం మోర్టన్ ఒకరు. ఆయన వెల్స్ దగ్గర పని నేర్చుకుని, కొంతకాలం ఆయనతో కలిసి ప్రాక్టీసు చేసిన పళ్ళ డాక్టరు. మోర్టన్‌కు చార్లెస్ జాక్సన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడితో కూడా పరిచయం ఉంది. జాక్సన్ పెద్ద చదువు చదివినవారు. శుద్ధమైన ఈథర్ వాడితే బాగా పని చేస్తుందని మోర్టన్‌కు సలహా ఇచ్చింది ఆయనే. 1846 సెప్టెంబరు 30న మోర్టన్ ఒక రోగికి ఈథర్ పీల్పించి నొప్పి లేకుండా పన్ను తీశారు.

ఆ తరువాత రెండు వారాలకు, 1846 అక్టోబరు 16న, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో ఆ గొప్ప సంఘటన జరిగింది. రోగి పేరు గిల్బర్ట్ అబ్బట్. దవడ కింద గడ్డ. పీల్పించే గాజు పరికరం సిద్ధం కావడంలో మోర్టన్‌కు ఆలస్యమైంది. ఇక రాడని సర్జన్ జాన్ వారెన్ కత్తి తీసుకోబోతుండగా మోర్టన్ వచ్చారు. ఈథర్ పీల్పించారు. రోగి అరవలేదు. మెలకువ వచ్చాక, మెడ మీద ఎవరో గోకినట్లు మాత్రం తెలిసిందని చెప్పాడు. ఇది మోసం కాదని డాక్టర్ వారెన్ అందరి ముందు ప్రకటించారు. దాదాపు ఇరవై ఒక్క నెలల క్రితం అదే నగరంలో వెల్స్ విన్న మాట అందరికీ గుర్తుంది.

ప్రతి సంవత్సరం అక్టోబరు 16ను ప్రపంచ అనస్థీషియా దినంగా పాటించడం ఇందువల్లనే. "అనస్థీషియా" అన్న మాటను వాడమని మోర్టన్‌కు సూచిస్తూ ఆ సంవత్సరమే ఉత్తరం వ్రాసింది బోస్టన్ డాక్టరు, రచయిత ఆలివర్ వెండెల్ హోమ్స్.

పేరు చెప్పని మందు

ఇక్కడి నుండి కథ మలుపు తిరుగుతుంది. నర్సులుగా మాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం ఇదే.

మోర్టన్ తన మందు ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఈథర్‌కు రంగు కలిపారు, వాసన తెలియకుండా సువాసన ద్రవ్యం కలిపారు, "లీథియాన్" అని కొత్త పేరు పెట్టారు. జాక్సన్‌తో కలిసి పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. ఎవరు వాడుకున్నా డబ్బు కట్టాలన్నది ఆలోచన.

అప్పుడు ఆ ఆస్పత్రిలోని డాక్టర్లు ఒక మాట మీద నిలబడ్డారు. ఏ మందో తెలియకుండా మా రోగులకు ఇవ్వము అన్నారు. కొద్ది రోజులపాటు ఆ మందు వాడకమే ఆపివేశారు. 1846 నవంబరు 7న ఒక యువతికి మోకాలి పైన కాలు తీసివేయవలసి వచ్చింది. ఆ అమ్మాయికి మత్తు దొరకాలంటే మోర్టన్ నోరు విప్పాలి. చివరకు ఆయన ఒప్పుకున్నారు. అది మామూలు ఈథరే అని చెప్పారు. ఆ అమ్మాయికి నొప్పి తెలియకుండా ఆపరేషన్ జరిగింది.

నవంబరు 12న పేటెంట్ చేతికి వచ్చింది గాని, అప్పటికే గుట్టు బయటపడిపోయింది. ఓడలలో ఉత్తరాలు ఇంగ్లండుకు చేరాయి. డిసెంబరు 21న లండన్‌లో మనం పైన చెప్పుకున్న రాబర్ట్ లిస్టన్ గారే ఈథర్ ఇచ్చి కాలు తీసివేసే ఆపరేషన్ చేశారు. బోస్టన్ సంఘటన తరువాత రెండు నెలలు కాస్త దాటాయి, అంతే. తరువాత మెక్సికో యుద్ధంలో అమెరికా ప్రభుత్వం కూడా మోర్టన్‌కు డబ్బు కట్టకుండానే గాయపడిన సైనికులకు ఈథర్ వాడింది. ఏ మందుల దుకాణంలోనైనా దొరికే ద్రవానికి కాపలా కాయడం ఎవరి తరం?

ఆ డాక్టర్లు ఆ రోజు పట్టు విడిచి ఉంటే, రోగికి ఏమి ఇస్తున్నారో ఇచ్చేవారికే తెలియని వైద్యం కొంతకాలం నడిచి ఉండేది. మందు పేరు బయటికి వచ్చింది కాబట్టే మిగతా డాక్టర్లు ఎంత ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు, ఏమి జాగ్రత్త పడాలి అన్నది నేర్చుకోగలిగారు.

తగవు ఏమి మిగిల్చింది?

జాక్సన్ వెంటనే పారిస్‌లోని సైన్స్ అకాడెమీకి వ్రాసి, ఇది తన ఆలోచన అని, మోర్టన్ తన సలహాతో పని చేసినవాడు మాత్రమేనని అన్నారు. జాక్సన్‌కు ఇలాంటి తగవు కొత్త కాదు. 1832లో సల్లీ అనే ఓడలో తనతో ప్రయాణం చేసిన శామ్యూల్ మోర్స్ గారి టెలిగ్రాఫ్ కూడా తన ఆలోచనే అని అప్పటికే వాదించి ఉన్నారు. వెల్స్ కూడా ముందుకు వచ్చి, మత్తు ఇచ్చి పన్ను తీయవచ్చని మోర్టన్ కంటే ముందు చూపింది తానేనన్నారు. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌లో లక్ష డాలర్ల బహుమానం ఇవ్వాలని ప్రతిపాదన వచ్చింది. ఎవరికి ఇవ్వాలో తేలక అది ఎప్పటికీ ఆమోదం పొందలేదు. ఈ సందర్భంలోనే జాక్సన్ 1854లో జార్జియాకు వెళ్ళి డాక్టర్ లాంగ్‌ను కలిశారు. లాంగ్ గారి పేరు కూడా కాంగ్రెస్ ముందుకు వచ్చింది.

ఈ నలుగురి చివరి రోజులు చూడండి.

హొరేస్ వెల్స్ క్లోరోఫారం అనే మరో మందును తన మీద ప్రయోగించుకుంటూ దానికి బానిస అయ్యారు. 1848 జనవరిలో ఆ మత్తులో న్యూయార్క్ వీధిలో ఇద్దరు స్త్రీల మీద ఆసిడ్ చల్లి జైలు పాలయ్యారు. తెలివి వచ్చి, చేసిన పని తెలుసుకుని, జైలులోనే ప్రాణం తీసుకున్నారు. వయస్సు 33 సంవత్సరాలు. పారిస్ వైద్య సంఘం ఆయనను గుర్తించిందన్న కబురు ఆయన పోయిన తరువాత అందింది.

విలియం మోర్టన్ ప్రాక్టీసు వదులుకుని సంవత్సరాల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగి అప్పుల పాలయ్యారు. 1868లో జాక్సన్‌ను సమర్థిస్తూ వచ్చిన ఒక వ్యాసం చూసి కలత చెంది న్యూయార్క్ బయలుదేరారు. అక్కడే జూలై 15న హఠాత్తుగా చనిపోయారు. వయస్సు 48.

చార్లెస్ జాక్సన్‌ను 1873లో మానసిక వైద్యశాలలో చేర్చారు. 1880లో అక్కడే చనిపోయారు.

క్రాఫర్డ్ లాంగ్ మాత్రం తన ఊరి రోగులను చూసుకుంటూ గడిపారు. 1878లో ఒక కాన్పు చేయడానికి వెళ్ళి, బిడ్డ క్షేమంగా పుట్టిన తరువాత కుప్పకూలి చనిపోయారు. ఆయన మొదటి ఆపరేషన్ చేసిన మార్చి 30ను ఇప్పుడు అమెరికాలో డాక్టర్ల దినంగా జరుపుతారు.

1868లో బోస్టన్ పార్కులో ఈథర్ స్మారక స్తంభం కట్టారు. దాని మీద ఈ నలుగురిలో ఒక్కరి పేరు కూడా లేదు. ఈథర్ అన్న మాటకు, "ఇద్దరిలో ఎవరైనా" అనే అర్థం వచ్చే "ఈదర్" అన్న ఇంగ్లీషు మాటకు వినడానికి పోలిక ఉంది. ఆ స్తంభం ఈథర్‌కా, ఈదర్‌కా అని హోమ్స్ గారు చమత్కరించారని చెబుతారు.

మరి మత్తుమందు ఎవరిది? మేము ఇలా అనుకుంటాము. మొదట వాడినవారు లాంగ్. ధైర్యంగా తన మీద ప్రయోగించుకుని, పదిమంది ముందుకు తెచ్చినవారు వెల్స్. మంచి ఈథర్ ఏదో చెప్పినవారు జాక్సన్. లోకం నమ్మేటట్లు చేసి చూపినవారు మోర్టన్. రోగి బల్ల మీద పడుకుని ఉండగా పేరు లేని మందు ఇవ్వమన్న డాక్టర్లకు కూడా ఇందులో వాటా ఉంది. ఒక రోగి నయమై ఇంటికి వెళ్ళేటప్పుడు సర్జన్, మత్తు డాక్టరు, థియేటర్ నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, రాత్రంతా కూర్చున్న ఇంటివాళ్ళు అందరూ కలిస్తేనే అది జరిగింది కదా. ఇది కూడా అంతే.

తగవు హైదరాబాదుకు వచ్చిన వైనం

ఈథర్ వచ్చిన మరుసటి సంవత్సరమే, 1847 నవంబరులో, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫారం వాడడం మొదలుపెట్టారు. కాన్పు నొప్పులకు కూడా ఇచ్చారు. బైబిలు ఆదికాండములో వేదనతో కందువని స్త్రీతో చెప్పబడింది కాబట్టి ఇది తగదని అభ్యంతరాలు వస్తాయని, వచ్చాయని ఆయన ఒక చిన్న పుస్తకమే వ్రాశారు. ఆదాము ప్రక్కటెముకను తీసే ముందు దేవుడు అతనికి గాఢనిద్ర కలుగజేశాడని అదే ఆదికాండములో ఉంది కదా అని జవాబు చెప్పారు. 1853 ఏప్రిల్ 7న విక్టోరియా రాణి కాన్పులో డాక్టర్ జాన్ స్నో క్లోరోఫారం ఇచ్చిన తరువాత జనంలో జంకు తగ్గింది.

కాని క్లోరోఫారంలో ప్రమాదం ఉంది. 1848 జనవరిలోనే ఇంగ్లండులో 15 సంవత్సరాల హన్నా గ్రీనర్ అనే అమ్మాయి కాలి గోరు తీయడానికి ఇచ్చిన క్లోరోఫారంతో చనిపోయింది. అలాంటి మరణాలు ఇంకా జరిగాయి. ఎందుకు? గుండె ఆగిపోయి పోతున్నారా, ఊపిరి ఆగిపోయి పోతున్నారా? ఎడిన్‌బరో వారు ఊపిరిని కనిపెట్టండి అన్నారు. లండన్ వారు నాడిని కనిపెట్టండి అన్నారు. రెండు పక్షాలూ పంతానికి పోయాయి.

ఆ రోజుల్లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా, వైద్య పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఎడ్వర్డ్ లారీ ఉండేవారు. ఈనాటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం ఆ పాఠశాలే. అది మొదలైంది కూడా 1846లోనే. లారీ ఎడిన్‌బరో పక్షం. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ సహాయంతో 1888లో హైదరాబాదులో క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. గుండెకు భయం లేదు, ఊపిరిని చూసుకుంటే చాలునని అది తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక నమ్మలేదు. అప్పుడు నిజాము వెయ్యి పౌండ్లు ఇచ్చి, మీ మనిషినే పంపి పరీక్షించుకోండి అన్నారు. 1889లో లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టరు వచ్చారు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. గుండెదే ప్రమాదమని నమ్మి వచ్చిన బ్రంటన్ కూడా మనసు మార్చుకుని, లారీ చెప్పినదే నిజమన్నారు.

అయినా అది పూర్తి నిజం కాదు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే శాస్త్రజ్ఞుడు మత్తు తేలికగా ఉన్నప్పుడు క్లోరోఫారం గుండె లయ తప్పించి హఠాత్తుగా ప్రాణం తీయగలదని నిరూపించారు. మోతాదు మించితే ఊపిరి ఆగుతుందన్నదీ నిజమే, గుండెను దెబ్బ తీస్తుందన్నదీ నిజమే. రెండు పక్షాల వారూ సగం సగం పట్టుకుని ఇన్నేళ్ళు వాదించుకున్నారు. రోగికి మాత్రం రెండూ కావాలి.

ఆ హైదరాబాదులోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ మహిళ లారీ దగ్గర శిక్షణ పొంది, 1889 నుండి రోగులకు క్లోరోఫారం ఇచ్చారు. ప్రపంచంలోనే మొట్టమొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరుగా ఆమెను ఇప్పుడు గౌరవిస్తున్నారు. పెద్దల తగవులో ఆమె పేరు పెద్దగా వినబడలేదు. రోగి తల దగ్గర నిలబడి ఒక్కొక్క ఊపిరి లెక్కపెట్టిన మనిషి ఆమె. ఆమె మన గడ్డ మీద పని చేసినందుకు మాకెంతో గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు మీ తల దగ్గర ఎవరుంటారు?

ఈథర్, క్లోరోఫారం రెండూ ఈనాటి ఆపరేషన్ థియేటర్లలో వాడుకలో లేవు. వాటికంటే భద్రమైన మందులు వచ్చాయి. సినిమాలో విలన్ చేతిరుమాలు ముక్కు దగ్గర పెట్టగానే హీరోయిన్ ఒక్క క్షణంలో పడిపోవడం చూసి చాలామంది మత్తు అంటే అంతే అనుకుంటారు. నిజానికి క్లోరోఫారంతో స్పృహ తప్పడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అది ప్రాణాంతకం కూడా.

ఇప్పుడు మీకు మత్తు ఇస్తే, మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేంతవరకు మీ తల దగ్గరే ఉంటారు. గుండె లయ చూపే ఇ.సి.జి. తెర, బి.పి. పట్టీ, వేలికి తగిలించే చిన్న క్లిప్పు, ఇవన్నీ మిమ్మల్ని కనిపెట్టి ఉంటాయి. ఆ క్లిప్పు పేరు పల్స్ ఆక్సీమీటర్. దాని సూత్రాన్ని 1974లో జపాను ఇంజనీరు తకువో అయోయాగి వెల్లడించారు. నాడి, రక్తంలోని ఆక్సిజన్ రెండూ అది ఒకేసారి చూపుతుంది. నాడి చూడాలా, ఊపిరి సరిపోతున్నదా చూడాలా అన్న ఆనాటి తగవుకు ఒక చిన్న క్లిప్పు జవాబు చెప్పినట్లుగా ఉంటుంది. అందుకే "మత్తు దిగుతుందా?" అని అడిగినవారికి మేము చెప్పేది ఇది: మత్తు ఇచ్చి ఎవరూ వెళ్ళిపోరు. మీకు మెలకువ వచ్చి, పిలిస్తే పలికి, ఊపిరి బాగా తీసుకునేంతవరకు మీ పక్కన మనిషి ఉంటారు.

మీరు చేయవలసినవి

బోస్టన్ డాక్టర్లు మందు పేరు తెలియకుండా ముట్టుకోము అన్నారు. ఇప్పుడు మా మందుల పేర్లు మీకు చెప్పడానికి మేము సిద్ధంగా ఉన్నాము. అడగండి, అది మీ హక్కు. అలాగే మీరు వాడే మందుల పేర్లు మాకు తెలియాలి. దాచిన మందు రెండు వైపులా ప్రమాదమే. ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోండి.

1. బి.పి., షుగరు, ఆయాసం, ఫిట్స్, థైరాయిడ్, రక్తం పలుచన చేసే మందులు ఏవి వాడుతున్నా చీటీలతో సహా తీసుకురండి. నాటు మందు, పసరు, చూర్ణం కూడా చెప్పండి. ఏ మందు ఆపాలో, ఏది వేసుకోవాలో డాక్టరు చెబుతారు. మీ అంతట మీరు ఆపవద్దు.

2. మీకు గాని, రక్త సంబంధీకులకు గాని ఇంతకు ముందు మత్తు వలన ఇబ్బంది వచ్చి ఉంటే తప్పక చెప్పండి. ఏ మందైనా పడకపోతే అది కూడా చెప్పండి.

3. సిగరెట్టు, బీడీ, చుట్ట, గుట్కా, మద్యం అలవాటు ఉంటే దాచవద్దు. ఇంటివాళ్ళ ముందు చెప్పలేకపోతే విడిగా నర్సుతో చెప్పండి. మేము మందలించడానికి అడగడం లేదు. మత్తు మోతాదు, ఊపిరితిత్తుల జాగ్రత్త దాని మీద ఆధారపడి ఉంటాయి.

4. ఖాళీ కడుపు నియమం చాలా ముఖ్యం. సాధారణంగా అన్నం, టిఫిన్ వంటివి 6 గంటల ముందే ఆపాలి. నూనె వంటకాలు, మాంసం తిని ఉంటే ఇంకా ఎక్కువ సమయం కావాలి. మంచినీళ్ళు 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. మీకు చెప్పిన సమయమే ఖచ్చితంగా పాటించండి. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తులలోకి పోతుంది. అందుకే ఈ నియమం.

5. పిల్లవాడు ఏడుస్తున్నాడని అమ్మమ్మగారో, నాయనమ్మగారో చాటుగా పాలు పట్టించడం మేము చూస్తూనే ఉంటాము. అది ప్రేమే గాని ప్రమాదం. ఒకవేళ పట్టించి ఉంటే దయచేసి చెప్పండి. ఆపరేషన్ కొన్ని గంటలు వాయిదా పడుతుంది, అంతకంటే ఏమీ కాదు. ఎవరూ కోప్పడరు.

6. కట్టుడు పళ్ళు, నగలు తీసివేయండి. కదిలే పన్ను ఉంటే చెప్పండి. గోళ్ళ రంగు తీసివేయండి, వేళ్ళకు కొత్తగా గోరింటాకు పెట్టుకోవద్దు. వేలి క్లిప్పు సరిగా చూపడానికి అవి అడ్డు వస్తాయి.

7. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే ముందే తెలియజేయండి. గర్భిణీ అయి ఉండే అవకాశం ఉంటే అది కూడా చెప్పండి.

8. మత్తు దిగి ఇంటికి వెళ్ళిన రోజున బండి నడపవద్దు, వంట పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండవద్దు, ముఖ్యమైన కాగితాల మీద సంతకాలు చేయవద్దు. తోడుగా ఒక మనిషి ఉండాలి.

ఆ నలుగురు ఎవరి పేరు ముందు ఉండాలని పోరాడారో, ఆ పేర్లు ఈ రోజు మత్తులోకి వెళ్ళే రోగికి తెలియవు. వాళ్ళ కష్టం మాత్రం ప్రతి రోగికీ అందుతోంది. వచ్చే వారం మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే, ఈ రాత్రే వారి మందుల చీటీలన్నీ వెదికి ఒక కవరులో పెట్టండి. ఆస్పత్రికి వచ్చేటప్పుడు ఆ కవరు మరచిపోకండి. సందేహం ఏది ఉన్నా వార్డు సిస్టర్‌ను అడగండి.

నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ సిబ్బంది తరఫున